తెలుగు రాని పిల్ల మన తరగతిలో కూర్చుంటే

(తెర మీద: ప్రభుత్వ బడి వరండా. గోడ పక్కన నీళ్ల కుళాయి. టీచర్ కెమెరా వైపు చూస్తూ మాట్లాడతారు.)

నమస్తే. నేను ఒక ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలో టీచర్‌ని. హైదరాబాద్ దాటి కొంచెం దూరం వస్తే మా ఊరు. ఊరి చుట్టూ ఇటుక బట్టీలే. ఈ వీడియో ముఖ్యంగా నా తోటి టీచర్ల కోసం చేస్తున్నాను. మీ తరగతిలో ఒడిశా నుంచో, బీహార్ నుంచో వచ్చిన పిల్లలు ఉంటే చివరిదాకా చూడండి.

ఒక జనవరిలో మూడో తరగతికి కొత్తగా ఒక పాప వచ్చింది. ఒడిశాలోని బలంగీర్ జిల్లా వాళ్లు. అమ్మానాన్న బట్టీలో ఇటుకలు కోస్తారు. రెండో రోజు పాఠం మధ్యలో లేచి నిలబడి, "పాణి" అంది. నాకు "పని" అని వినిపించింది. "ఇప్పుడు పనేం లేదమ్మా, కూర్చో" అన్నాను. కూర్చుంది. కాసేపటికి మళ్లీ లేచింది. మళ్లీ అదే మాట. మళ్లీ కూర్చోబెట్టాను. మధ్యాహ్నం బెల్లు కొట్టగానే ఆ పాప అన్నం వైపు పోలేదు. ఇదిగో, ఈ కుళాయి దగ్గరికి పరిగెత్తి, రెండు దోసిళ్లు పట్టి గటగటా తాగేసింది.

పాణి అంటే నీళ్లు. హిందీ పానీ నాకు తెలుసు, రోజూ వింటాను. అయినా ఆ పూట తట్టలేదు. ఎందుకంటే 'ఈ పిల్లకి తెలుగు రాదు' అన్న ఒక్క మాటే నా తలలో ఉంది. ఆమెకు వచ్చిన భాష ఒకటుంది, ఆ భాషలో ఆమె నన్ను ఏదో అడుగుతోంది అన్న ఆలోచనే నాకు రాలేదు. రెండు గంటలు దాహంతో కూర్చోబెట్టాను. ఇప్పటికీ తలుచుకుంటే మనసు చివుక్కుమంటుంది.

(తెర మీద: తెలంగాణ, ఒడిశా పటం. బలంగీర్, నువాపడా, కలహండి జిల్లాలు రంగులో.)

ముందు ఈ పిల్లలు ఎక్కడి నుంచి వస్తారో చూద్దాం. పశ్చిమ ఒడిశాలోని ఈ మూడు జిల్లాల నుంచి ఏటా వేల కుటుంబాలు మన బట్టీలకు వస్తాయి. అక్కడ నువాఖాయి అని కొత్త బియ్యం పండుగ ఉంటుంది. ఆ పండుగ రోజుల్లో సర్దార్లు, అంటే కూలీలను కుదిర్చేవాళ్లు, ఇళ్లకు వెళ్లి అడ్వాన్స్ చేతిలో పెడతారు. ఆ కుటుంబాలవాళ్లు నవంబర్, డిసెంబర్‌లో రైలెక్కుతారు. వానలు పడేలోపు, మే, జూన్‌లో తిరిగి వెళ్తారు. అంటే అక్కడి బడి ఏడాది మధ్యలో తెగిపోతుంది, ఇక్కడి బడిలో మధ్యలో వచ్చి పడతారు. ఇక రైస్ మిల్లుల దగ్గర బీహార్ హమాలీల పిల్లలు, మిరప తోటల దగ్గర ఛత్తీస్‌గఢ్ పిల్లలు, హైదరాబాద్ అపార్ట్‌మెంట్లలో నేపాలీ వాచ్‌మన్ల పిల్లలు. అందరి కథా దాదాపు ఇదే.

కొన్ని బట్టీల దగ్గర వర్క్‌సైట్ స్కూళ్లు ఉన్నాయి. ఒడియా వచ్చిన టీచర్లను పెట్టి, ఒడిశా పుస్తకాలతోనే పాఠాలు చెప్తారు. చాలా మంచి పని. తిరిగి వెళ్లాక పిల్లలు తమ తరగతిలో కలిసిపోగలరు. కానీ అన్ని చోట్లా అవి లేవు. లేని చోట పిల్లలు మన దగ్గరికే వస్తారు. ఇంకో మాట కూడా తెలుసుకోవాలి. ఈ జిల్లాల ఇళ్లలో ఎక్కువగా మాట్లాడేది సంబల్‌పురి. పుస్తకాల ఒడియాకూ దానికీ తేడా ఉంది. కాబట్టి మన దగ్గరికి వచ్చే పిల్ల ఇప్పటికే రెండు రకాల మాటల మధ్య పెరిగింది. మనది మూడోది.

(తెర మీద: తరగతి గది. వెనక బెంచీలో మౌనంగా ఒక పాప బొమ్మ.)

ఇప్పుడు అసలు సంగతి. ఆ నీళ్ల రోజు తర్వాత ఆ పాప రెండు నెలలు నోరు తెరవలేదు. స్టాఫ్ రూంలో "మందకొడి పిల్లలా ఉంది" అన్నారు. నేనూ సరే అన్నట్టు ఊరుకున్నాను. తర్వాత చదివి తెలుసుకున్నాను. కొత్త భాషలో పడిన పిల్లలు చాలామంది కొంతకాలం మాట్లాడకుండా వింటారు. కొందరికి వారాలు, కొందరికి నెలలు. ఆ మౌనంలో చెవులు పని చేస్తూనే ఉంటాయి. బలవంతాన నిలబెట్టి "చెప్పు, చెప్పు" అంటే మూసుకున్న నోరు ఇంకా గట్టిగా మూసుకుంటుంది. చేత్తో చూపించమనండి, బొమ్మ గీయమనండి, అవును కాదు అని తల ఊపమనండి. అర్థమైందో లేదో తెలిసిపోతుంది.

దీని వెనకే ఇంకో పొరపాటు వస్తుంది. ఏడాది తిరిగేసరికి ఆ పిల్లలు కబడ్డీలో మన పిల్లలతో సమానంగా తెలుగులో అరుస్తారు. "హమ్మయ్య, తెలుగు వచ్చేసింది" అనుకుంటాం. పరీక్ష పెడితే తెల్ల కాగితం ఇస్తారు. "ఆటకు వచ్చే తెలుగు పరీక్షకు రాదా?" అని కోప్పడతాం. నిజంగానే రాదండీ. కెనడాకు చెందిన జిమ్ కమిన్స్ అనే పరిశోధకుడు 1979లోనే ఈ తేడా చెప్పారు. కబుర్ల భాష సుమారు రెండేళ్లలో పట్టుబడుతుంది. పాఠాల భాషలో తోటివాళ్లతో సమానం కావడానికి ఐదు నుంచి ఏడేళ్లు పడుతుంది. ఆట స్థలంలో చెయ్యి, ముఖం, బంతి అన్నీ సాయం చేస్తాయి. పుస్తకంలో 'శేషం', 'భాగఫలం' అని ఉంటే సాయం చేసేవాళ్లు ఎవరూ లేరు.

(తెర మీద: వరుసలుగా ఆరబెట్టిన పచ్చి ఇటుకలు. ఎండ.)

దీనికి నాకు బాగా గుర్తున్న రోజు ఒకటుంది. పాఠంలో 'బాష్పీభవనం' వచ్చింది. బోర్డు మీద రాశాను. నిర్వచనం చెప్పించాను. మన పిల్లలు అప్పజెప్పారు, పాప చెప్పలేదు. ఆ సాయంత్రం హాజరు గురించి మాట్లాడదామని బట్టీకి వెళ్లాను. పాప అక్కడ తమ్ముణ్ణి ఎత్తుకుని పచ్చి ఇటుకల వరుసల మధ్య నడుస్తోంది. ఒక ఇటుక అంచు మీద వేలు పెట్టి చూసింది, రంగు చూసింది, తిప్పి పక్కకు నిలబెట్టింది. పక్క ఇటుక ముట్టుకుంది, వదిలేసింది. అది ఇంకా తడి. తొమ్మిదేళ్ల పిల్ల. ఏ ఇటుకలో నీరు పోయిందో, ఏ ఇటుకలో పోలేదో వేలితో చెప్పేస్తోంది.

మర్నాడు ఒక పచ్చి ఇటుక బడికి తెప్పించాను. ఎండలో పెట్టాం. "నీళ్లు ఎక్కడికి పోయాయి?" అని తరగతిని అడిగాను. పాపను తన మాటల్లోనే చెప్పమన్నాను. పాణి, ఖరా అంటూ చేతులు పైకి చూపిస్తూ చెప్పింది. ఒడియాలో ఖరా అంటే ఎండ. మన పిల్లలు వాళ్ల మాటల్లో చెప్పారు. అప్పుడు బోర్డు మీద 'బాష్పీభవనం' అని రాశాను. ఆ మాట నిజానికి ఆ రోజు తరగతిలో అందరికీ కొత్తదే. అంతకుముందు అప్పజెప్పినవాళ్లకు కూడా.

ఇది గట్టిగా చెప్తున్నాను. తనకు వచ్చిన భాషలో విషయం అర్థమైతే తెలుగు మాట దాని మీద సులువుగా అతుక్కుంటుంది. విషయమూ కొత్తదై, మాటా కొత్తదైతే రెండూ జారిపోతాయి.

(తెర మీద: అంకెలు. 25, 39.)

లెక్కల్లోనూ అంతే. హిందీ పిల్లలకు 25 అంటే పచ్చీస్. అందులో ఐదు ముందు వినిపిస్తుంది. మనది ఇరవై ఐదు, రాసే వరుసలోనే పలుకుతాం. 39 అయితే హిందీలో ఉన్తాలీస్, అంటే నలభైకి ఒకటి తక్కువ. ఇలాంటి పిల్లాడు మన 'ముప్పై తొమ్మిది' విని తడబడితే లెక్క రాక కాదు, లోపల ఒక భాష నుంచి ఇంకో భాషకు మార్చుకుంటున్నాడు. ఎక్కాలు హిందీలోనే చెప్పనివ్వండి. 'దో దూనీ చార్' అన్నా నాలుగే కదా. బట్టీ పిల్లలకైతే వేలల్లో లెక్క తెలుసు, ఎందుకంటే కూలి వెయ్యి ఇటుకలకు ఇంత అని కడతారు.

నవ్వుల సంగతి కూడా చెప్పాలి. ఒకసారి శరీర భాగాలు చెప్తున్నాను. తల ముట్టుకుని "ఇది ఏంటి?" అని అడిగితే, ఒడిశాలో ఒకటో తరగతి చదివి వచ్చిన ఒక బాబు ఉత్సాహంగా "ముండొ!" అన్నాడు. ముందు బెంచీ పిల్ల లేచి, "టీచర్, గీ పోరడు తిడుతున్నడు!" అంది. తరగతి గొల్లుమంది. బాబు ముఖం మాడిపోయింది. ఒడియాలో తలను ముండొ అనే అంటారు. ఆ క్షణంలో టీచర్ ఏం చేస్తారన్నదే ముఖ్యం. నేను ఆ మాట బోర్డు మీద రాసి, "వాళ్ల భాషలో తల అంటే ఇదే. మరి చెయ్యిని ఏమంటారో అడగండి" అన్నాను. హాతొ అన్నాడు. హిందీ హాథ్ తెలిసినవాళ్లు "మాకు తెలుసు, మాకు తెలుసు" అన్నారు. నేను ఊరుకుని ఉంటే ఆ బాబు ఆ ఏడాదంతా ఇంకో మాట మాట్లాడేవాడు కాదని నా నమ్మకం.

ఇక మనం రేపే చేయగలిగినవి. పేరు సరిగా పలకండి, మన నోటికి తిరగలేదని కొత్త పేరు పెట్టకండి. నీళ్లు, మూత్రం, నొప్పి, ఆకలి, భయం. ఈ ఐదు మాటలు ఆ పిల్లల భాషలో మనమే ముందు నేర్చుకోవాలి. పక్కన కూర్చోబెట్టే స్నేహితుణ్ణి చూసి ఎంచుకోండి. ఆ పిల్ల అన్నకు తెలుగు వచ్చు కదా అని పొద్దస్తమానం వాడినే అనువాదానికి తిప్పితే వాడి చదువు పోతుంది. ఫోన్‌లో గూగుల్ ట్రాన్స్‌లేట్‌లో ఒడియా ఉంది, చిన్న చిన్న వాక్యాలకు పనికొస్తుంది. దీక్షా యాప్‌లో ఇతర రాష్ట్రాల పుస్తకాలు కూడా ఉంటాయి. చదవడం వచ్చిన పిల్లలకు అవి చూపించండి.

దయచేసి తల్లిదండ్రులకు "ఇంట్లో తెలుగులోనే మాట్లాడండి" అని మాత్రం చెప్పకండి. తెలుగు రాని తల్లి తెలుగులో కథ చెప్పలేదు, బుజ్జగించలేదు, ఎందుకు అలిగావని అడగలేదు. మన సలహా వింటే ఆ ఇంట్లో మిగిలేది రెండు ముక్కల మాటలే. తల్లిదండ్రులతో మాట్లాడాలంటే నడి ఎండలో పని ఆగే వేళ బట్టీకి వెళ్లండి. ఆ తల్లి తన భాషలోనే పిల్లకు ఎన్ని కబుర్లు చెప్తే మన తెలుగుకు అంత పునాది.

(తెర మీద: విద్యాహక్కు చట్టం, 2009.)

ఇది మనం దయతలచి చేసే పని కాదు. 1956లో రాజ్యాంగంలో చేర్చిన 350ఎ అధికరణ, భాషా అల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో బోధనకు సౌకర్యాలు కల్పించమంటోంది. విద్యాహక్కు చట్టం 29వ సెక్షన్, వీలైనంత వరకు పిల్లల మాతృభాషలోనే బోధించాలంటోంది. వయసు ధ్రువపత్రం లేదని చేర్చుకోకుండా ఉండకూడదని 14వ సెక్షన్, టీసీ ఆలస్యమైందని ఆపకూడదని 5వ సెక్షన్. ఆధార్ లేదు, టీసీ లేదు అని పిల్లల్ని గేటు దగ్గర నుంచే పంపేసిన బడి ఒకటి నాకు తెలుసు. అందుకే సెక్షన్ నంబర్లతో సహా చెప్తున్నాను.

మనకు చేతకాని పని కూడా కాదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2004 ప్రాంతంలోనే గోండి, కోయ, సవర, కువి, కొలామి లాంటి 8 భాషల్లో, తెలుగు లిపిలోనే పుస్తకాలు వేసి ఆదివాసీ పిల్లలకు చదువు మొదలుపెట్టారు. కేరళలోని ఎర్నాకుళం జిల్లాలో 2017లో రోష్ని అనే కార్యక్రమం పెట్టి, వలస పిల్లల భాషలు వచ్చిన వాలంటీర్లను బడుల్లోకి తెచ్చారు. మనవాళ్లు వలస వెళ్లిన చోట కూడా చూడండి. పాలమూరు నుంచి తరతరాలుగా ముంబైకి కూలికి పోయారు కదా, ముంబై మున్సిపల్ కార్పొరేషన్ తెలుగు మీడియం బడులు నడిపింది. అమెరికాలో 1974లో శాన్‌ఫ్రాన్సిస్కో చైనీస్ పిల్లల కేసులో అక్కడి సుప్రీంకోర్టు ఏమందంటే, ఇంగ్లీషు రాని పిల్లలకు అదే పుస్తకం, అదే టీచర్‌ను ఇచ్చినంత మాత్రాన సమానంగా చూసినట్టు కాదని. డల్లాస్‌లో మన పిల్లలకు ఈరోజు బడిలో విడిగా ఇంగ్లీషు సాయం దొరుకుతోందంటే దాని వెనక ఆ తీర్పు ఉంది.

(తెర మీద: చేత్తో రాసిన ఒక కాగితం.)

చివరిగా ఈ కాగితం. మేలో బట్టీ మూతపడుతుంది. పిల్లలు ఒక్కోసారి చెప్పకుండానే రాత్రికి రాత్రి వెళ్లిపోతారు. టీసీ రాసే టైం కూడా ఉండదు. అందుకే ఏప్రిల్‌లోనే టీసీ సిద్ధం చేసి, దాంతో పాటు ఒక పేజీ రాసి తల్లి చేతికి ఇస్తున్నాను. అక్కడి టీచర్‌కు తెలుగు రాదు, నాకు ఒడియా రాయడం రాదు, కాబట్టి హిందీలో రాస్తాను. అందులో ఏముందో తెలుగులో చదువుతాను. స్క్రీన్‌షాట్ తీసుకోండి.

తరగతి: మూడు. మా బడిలో ఉన్నది: జనవరి నుంచి ఏప్రిల్ వరకు. హాజరు: 71 రోజులు. లెక్కలు: మూడంకెల కూడిక, తీసివేత వచ్చు. గుణకారం 5వ ఎక్కం దాకా. భాగహారం మొదలుపెట్టాం, ఆగిపోయింది, అక్కడి నుంచి చెప్పండి. పరిసరాల విజ్ఞానం: నీరు, గాలి పాఠాలు అయ్యాయి. మొదట్లో మాట్లాడదు, ఓపిక పట్టండి. బొమ్మలు బాగా గీస్తుంది. కళ్ల పరీక్ష చేయించాలి, బోర్డు దగ్గరికి వచ్చి చదువుతోంది.

వచ్చిన భాషలు: సంబల్‌పురి, ఒడియా, తెలుగు.