గూగీకి నోబెల్ ఎందుకు రాలేదు? స్టూడియోలో ముగ్గురు, మైకు ఒక్కరిదే

యాంకర్: నమస్కారం. కెన్యా రచయిత గూగీ వా థియాంగో 2025 మే 28న పోయారు, ఆయన మీద గొడవ మాత్రం పోలేదు. సొంత భాషలో రాయమన్న మనిషి ఇంగ్లీషు వల్లే ఫేమస్ అయ్యాడుగా అని ఒక వాదన నడుస్తోంది. అందరికీ సమానంగా టైమ్ ఇస్తాను. ముందు నా ప్రశ్న, నోబెల్ ఎందుకు రాలేదు?

ప్రొఫెసర్: నోబెల్ పక్కన పెట్టండి. 1964లో మొదటి నవల ఏ భాషలో? ఇంగ్లీషు. ఏ పేరుతో? జేమ్స్ గూగీ. పేరొచ్చాక జేమ్స్ పోయింది, ఇంగ్లీషూ పోయింది, ఉద్యోగం మాత్రం కాలిఫోర్నియాలో...

అనువాదకురాలు: మధ్యలో జైలు మింగేశారేంటి సార్? 1977లో...

ప్రొఫెసర్: నేను పూర్తి చెయ్యలేదమ్మా.

యాంకర్: ఒక్క నిమిషం, ఆవిడ్ని చెప్పనివ్వండి.

అనువాదకురాలు: వాళ్ల ఊరు కమిరీతులో రైతులు, కూలీలతో తన మాతృభాష గికుయులో నాటకం వేయించాడు, సర్కారు ఆపించింది, డిసెంబర్ 31న పట్టుకెళ్లారు. విచారణ లేదు, దాదాపు ఏడాది కమితి జైలు. అక్కడ టాయిలెట్ పేపర్ మీద గికుయులో నవల రాశాడు. ఆ కాగితం మరీ గరుకంట, ఒంటికి పనికిరానిది పెన్నుకి బాగా పనికొచ్చింది.

ప్రొఫెసర్: బానే ఉంది, దాన్ని ఇంగ్లీషులోకి చేసిందెవరు? ఆయనే!

అనువాదకురాలు: ముందు వాళ్ల ఊరివాళ్లు విన్నాకే. బార్లో ఒకడు పైకి చదివేవాడంట, గ్లాసు ఖాళీ అయితే పుస్తకం కింద పెట్టేసేవాడు, ఎవరో ఒకరు ఇంకో సీసా తెప్పిస్తేనే మళ్లీ కథ...

యాంకర్: (నవ్వు) భలే. కానీ 2021లో టాంజానియాలో పుట్టిన రచయిత గుర్నాకి నోబెల్ వచ్చింది, ఆయన రాసేది ఇంగ్లీషులో. అంటే గికుయు వల్లే...

ప్రొఫెసర్: నేనూ అదే అంటున్నా! మొదట్నుంచీ అదే!

అనువాదకురాలు: మీరిందాక నోబెల్ పక్కన పెట్టమన్నారు.

ప్రచురణకర్త: నాకు ఛాన్సే రాలేదండీ. మనకి ఈయన్ని తెచ్చింది జైళ్లే. కవి వరవరరావుగారు జైల్లో ఉండే ఈయన పుస్తకాన్ని తెలుగు చేశారు, తర్వాత ఢిల్లీ యూనివర్సిటీ లెక్చరర్ జి.ఎన్. సాయిబాబాగారు నాగపూర్ జైల్లో...

యాంకర్: రాజకీయాలు వద్దండి.

ప్రచురణకర్త: గూగీ మీద చర్చ పెట్టి రాజకీయాలు వద్దంటే ఎట్లా? 2018లో హైదరాబాద్ వచ్చినప్పుడు...

ప్రొఫెసర్: హైదరాబాద్ సరే, కొడుకు సంగతో? నాన్న అమ్మని కొట్టేవాడని 2024లో గూగీ కొడుకే బయటపెట్టాడు. దానిమీద నోళ్లు లేవవే?

అనువాదకురాలు: లేవాలి. కానీ దానికి వేరే రోజు కూర్చుందాం, భాష గొడవలో రాయిలా విసరకండి. గూగీ చదివిన బళ్లో గికుయు మాట్లాడితే బెత్తం దెబ్బలు, మెడలో "నేను గాడిదని" అని రేకు. అక్కణ్ణుంచి వచ్చిన పట్టుదల అది.

ప్రొఫెసర్: మా బళ్లోనూ తెలుగు మాట్లాడితే ఫైన్ వేసేవాళ్లు. నాకేమైంది?

అనువాదకురాలు: అయ్యిందనే కదా సార్ చెప్తుంట.

ప్రొఫెసర్: ఏమన్నారు?

యాంకర్: టైమ్ అయిపోయింది, టైమ్ అయిపోయింది! ప్రొఫెసర్‌గారూ, చివరిగా ఒక్క మాట, నోబెల్ ఎందుకు రాలేదు?

ప్రొఫెసర్: ఒక్క మాటలో ఎలా అవుతుందండీ, 1964లో మొదటి నవల ఏ భాషలో...

ప్రచురణకర్త: హలో, నా మైకు పనిచేస్తోందా?