డాక్టర్ చేతికి అందిన చీటీ

యాంకర్: నమస్తే అండీ. డాక్టర్ గారూ, పోయినసారి మీరు క్లెమ్ మెక్‌డొనాల్డ్ అని ఒక పేరు చెప్పారు. నేనైతే అంతకుముందు ఎప్పుడూ వినలేదు.

డాక్టర్: మా డాక్టర్లలోనే చాలామంది విని ఉండరండీ. అమెరికాలో ఇండియానాపోలిస్ అనే ఊళ్లో రీజెన్‌స్ట్రీఫ్ ఇన్‌స్టిట్యూట్ ఉంది, 1972లో అక్కడి వాళ్లు షుగర్ క్లినిక్‌కి వచ్చే 35 మంది పేషెంట్ల వివరాలు కంప్యూటర్‌లో పెట్టడం మొదలుపెట్టారు, ఆ పనిని ముందుకు నడిపింది ఈయనే. స్వయంగా పేషెంట్లను చూసే డాక్టరు కాబట్టి ఓపీలో ఏం జరుగుతుందో ఆయనకి బాగా తెలుసు.

యాంకర్: ఏం జరుగుతుంది?

డాక్టర్: మర్చిపోతాం. నేను పీజీ చేసే రోజుల్లో రాత్రంతా డ్యూటీ చేసి పొద్దున ఓపీలో కూర్చున్నాను. బీపీకి, కాళ్ల వాపుకి మాత్రలు వాడుతున్న ఒక పెద్దావిడకి, ఆ మాత్రలతో రక్తంలో పొటాషియం తేడా రావచ్చు కాబట్టి, ఆ పరీక్ష రాయాలి. తెలుసు, కానీ రాయలేదు. రెండు వారాలకి నడవలేనంత నీరసంతో వచ్చింది. కోలుకుంది గానీ ఆవిడ ముఖం నాకు ఇప్పటికీ గుర్తే.

యాంకర్: అయ్యో. అది మీ నిర్లక్ష్యం అనుకున్నారా?

డాక్టర్: చాలా ఏళ్లు అలాగే అనుకున్నాను. తర్వాత మెక్‌డొనాల్డ్ 1976లో రాసిన పరిశోధన పత్రం చదివాను. తొమ్మిది మంది డాక్టర్లు. కొన్నిసార్లు పేషెంటు ఫైలుతో పాటు కంప్యూటర్ ఇచ్చిన చీటీ కూడా పెట్టేవాళ్లు, ఈ మందు వాడుతున్నారు, ఫలానా పరీక్ష చేయించండి అని. చీటీ ఉన్నప్పుడు 51 శాతం సందర్భాల్లో పట్టించుకున్నారు, లేనప్పుడు 22 శాతమే. వాళ్లే డాక్టర్లు, అదే చదువు!

యాంకర్: అంటే రెట్టింపు కంటే ఎక్కువే.

డాక్టర్: అవును. ఇందులో చాలా తప్పులు బద్ధకం వల్ల కాదు, ఒక మనిషి బుర్ర ఇన్ని వివరాలు ఒకేసారి పట్టుకోలేకపోవడం వల్లే అన్నారాయన. అందుకే ఆయనంటే నాకు గౌరవం, డాక్టర్ని తిట్టకుండా డాక్టర్ చేతికి సాయం అందించాడు. అలాగని ప్రతిదానికీ కంప్యూటర్‌లో అలర్ట్ మోగితే మాత్రం ఎవరూ చదవరు, చూడకుండానే క్లోజ్ చేసేస్తారు. అసలైనవి ఏవో ఏరుకోవడమే ఇప్పుడు కష్టమైన పని.

యాంకర్: మరి మన ఊళ్లలో? మా అమ్మకి ఒక్కో ల్యాబ్‌లో ఒక్కో రకం రిపోర్టు. ఒకరు హెచ్‌బీ అని వేస్తారు, ఇంకొకరు హిమోగ్లోబిన్ అంటారు.

డాక్టర్: సరిగ్గా ఆ చిక్కు కోసమే 1994లో రీజెన్‌స్ట్రీఫ్ వాళ్లు లాయింక్ అనే కోడ్‌లు మొదలుపెట్టారు, ఒక్కో పరీక్షకి ఒక్కో నంబరు. రక్తంలో హిమోగ్లోబిన్‌కి 718-7. ల్యాబ్ ఏ పేరు పెట్టుకున్నా ఆ నంబరు చూసి కంప్యూటర్ గుర్తుపడుతుంది. మన కేంద్ర ప్రభుత్వం 2016లో ఇచ్చిన కంప్యూటర్ వైద్య రికార్డుల ప్రమాణాల్లో కూడా లాయింక్ ఉంది. ఆభా అని ప్రభుత్వం ఇచ్చే 14 అంకెల హెల్త్ నంబరు ఉంది కదా, దాని కింద రిపోర్టులన్నీ ఒకచోటికి చేరినా, వాటిని కంప్యూటర్ సరిగ్గా గుర్తుపట్టాలంటే ల్యాబ్‌లు ఈ కోడ్‌లు వేయాల్సిందే.

యాంకర్: అయితే అమ్మ ఫైలు ఇంక అటక మీద పెట్టేయొచ్చా?

డాక్టర్: వద్దండీ, ఇప్పుడే వద్దు. ఈసారి పరీక్షకి వెళ్లినప్పుడు ఆభాకి లింక్ చేస్తారా అని అడగండి, ఫైలు మాత్రం చేతిలోనే ఉంచుకోండి.