రస్ట్ వాడితే మెమరీ నిజంగా భద్రమా? రన్ చేసి చూద్దాం

నమస్తే అండి. బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ వైపు తెలుగులో ప్రోగ్రామింగ్ నేర్చుకుంటున్నవాళ్ల కోసం ఈ వీడియో. రస్ట్ లాంటి భాషతో సెక్యూరిటీ పెరుగుతుందా? పెరుగుతుంది. ఎక్కడ పెరుగుతుందో చూపిస్తా.

రస్ట్‌ని ఇన్‌స్టాల్ చేసే టూల్, రస్టప్, వేసుకోండి. ఇంట్లో మొబైల్ డేటాయే దిక్కయితే ప్రొఫైల్ దగ్గర 'మినిమల్' ఎంచుకోండి. డాక్యుమెంటేషన్ దిగదు, డేటా మిగులుతుంది. నేనెప్పుడూ అదే వాడతాను.

ముందు సీ భాష. నాలుగు అంకెల అర్రే, ఇదిగో. ఇండెక్స్ యూజర్‌ని అడుగుతున్నాం. కంపైల్, రన్. 5 కొడుతున్నా. చూడండి, ఏదో అంకె వచ్చింది! మన అర్రేలోది కాదది, పక్క మెమరీలోది. ఎర్రర్ లేదు, ఏమీ లేదు. 2014లో బయటపడ్డ హార్ట్‌బ్లీడ్ అనే భద్రతా లోపం ఈ రకమే. చిన్న సందేశం పంపి, పొడవు మాత్రం ఎక్కువ చెబితే, వెబ్‌సైట్ల కనెక్షన్లను ఎన్‌క్రిప్ట్ చేసే ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ లైబ్రరీ సరిచూసుకోకుండా 64 కిలోబైట్ల దాకా తన మెమరీని తిరిగి పంపేసేది. అందులో పాస్‌వర్డ్‌లు ఉండొచ్చు, ప్రైవేట్ కీలు కూడా.

ఇప్పుడు రస్ట్. కార్గో న్యూతో కొత్త ప్రాజెక్ట్, ఫైల్ తెరిచాం, అదే కోడ్.

ఇక్కడ నెమ్మదిగా, నెమ్మదిగా. బ్రాకెట్లో నేరుగా 5 రాస్తే కంపైలరే ఒప్పుకోదు. కాబట్టి ఇండెక్స్ కీబోర్డు నుంచే తీసుకోండి. తీసుకున్నాక ట్రిమ్ పెట్టాలి. ఈ లైన్, ఇదే. ట్రిమ్ లేకపోతే మనం నొక్కిన ఎంటర్ కూడా కలిసొచ్చి, పార్స్ దగ్గరే, అంటే అక్షరాల్ని అంకెగా మార్చే చోటే, పానిక్ అవుతుంది, ప్రోగ్రామ్ ఎర్రర్ చెప్పి ఆగిపోతుంది. అది చూసి 'ఆహా, రస్ట్ ఆపేసింది' అనుకోకండి. మెసేజ్ చదవండి. ట్రిమ్ పెట్టి మళ్లీ రన్... ఇదిగో, 'ఇండెక్స్ అవుట్ ఆఫ్ బౌండ్స్'. మనం చూడాల్సిన పానిక్ ఇది. ప్రోగ్రామ్ ఆగింది, పక్క మెమరీ బయటికి రాలేదు.

మరి అన్‌సేఫ్, అంటే కంపైలర్ సరిచూడలేని పనుల్ని మన బాధ్యత మీద చేయనిచ్చే బ్లాకు? ఈ బ్లాకులో ఇండెక్స్ హద్దు చూడకుండా చదివే గెట్ అన్‌చెక్డ్ రాసి, రిలీజ్ మోడ్‌లో రన్ చేస్తే మళ్లీ సీ కథే. డ్రైవర్లు, కెర్నల్ రాసేవాళ్లకు అన్‌సేఫ్ తప్పదు. కానీ మెమరీ తప్పు వెతకాలంటే ముందు ఆ బ్లాకులే చూస్తే చాలు, కోడంతా గాలించక్కర్లేదు. నాకు అదే పెద్ద లాభం. పాస్‌వర్డ్ చెక్ మర్చిపోవడం లాంటి లాజిక్ తప్పుల్ని మాత్రం ఏ కంపైలరూ పట్టదు.

పాత కోడంతా తిరగరాయాలా? అక్కర్లేదండి. ఆండ్రాయిడ్‌లో కొత్త కోడ్‌ని ఇలాంటి భాషల్లోకి మళ్లిస్తూ వచ్చారు. భద్రతా లోపాల్లో మెమరీవి 2019లో 76 శాతం, 2024కి 24 శాతం.

మీ దగ్గరున్న సీ ఫైల్‌ని, రన్ అయ్యేటప్పుడు మెమరీ తప్పుల్ని పట్టుకునే అడ్రస్ శానిటైజర్ ఫ్లాగ్‌తో కంపైల్ చేసి, అదే 5 కొట్టండి. ఫ్లాగ్ స్క్రీన్ మీద ఉంది, పాజ్ చేసి రాసుకోండి.