పాఠాలు చెప్పుకుంటూ స్థిరపడ్డవాడు

వేదిక మీది పెద్దలకు, ముందు వరసలో మా పిల్లలకు, తలుపు దగ్గర నిలబడ్డ బ్యాండ్ మేళం మిత్రులకు నమస్కారం. కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి, వచ్చి కూర్చోండయ్యా.

ఇందాక నన్ను పరిచయం చేస్తూ, 'మొదట్లో జాజ్ వాయించేవారు, తర్వాత పాఠాలు చెప్పుకుంటూ నెల్లూరులో స్థిరపడ్డారు' అన్నారు. శాలువా కప్పించుకున్నాక గొడవ పెట్టుకోకూడదు గానీ, ఆ మాట నేను ఒప్పుకోను.

న్యూయార్క్‌లో జాకీ మెక్లీన్ అని ఆల్టో సాక్సోఫోన్ మీద జాజ్ వాయించే ఆయన ఉండేవాడు. మత్తుమందు కేసులో ఇరుక్కుంటే, అక్కడి క్లబ్బుల్లో వాయించడానికి అప్పట్లో ఉండాల్సిన కార్డు పోయింది. రికార్డింగులతో నెట్టుకొచ్చాడు. తర్వాత అమెరికాలోనే హార్ట్‌ఫర్డ్ అనే ఊరు వెళ్లి పాఠాలు మొదలుపెట్టాడు. అక్కడి సంగీత కళాశాలలో జాజ్ విభాగానికి ఇప్పుడు ఆయన పేరే. 1970లో భార్య డాలీతో కలిసి వాడ పిల్లల కోసం ఇంకో బడి పెట్టాడు. వాయించడం మాత్రం మానలేదు. ఆయన్నీ స్థిరపడ్డాడనే అంటారా?

సరే, నా సంగతి. కొడవలూరు దగ్గర ఒక పెళ్లి. ఊరేగింపులో సాక్సోఫోన్ మీద సినిమా పాట వాయిస్తున్నా. రెండో చరణం దగ్గర ఊపొచ్చి, ట్యూన్ వదిలేసి సొంతంగా నాలుగు ఆవర్తాలు, అంటే తాళం నాలుగు చుట్లు, అల్లుకుపోయా. పెళ్లికూతురి మేనమామ పరిగెత్తుకొచ్చి 'మాస్టారూ, పాట మర్చిపోయారా?' అన్నాడు. జాజ్ అంటే ఇదేనండీ అన్నా. 'జాజో గీజో, మా డబ్బుకి పాట కావాలయ్యా' అని, లెక్క తేల్చేటప్పుడు 500 కోసేశాడు. ఐదొందలు! ఇప్పటికీ మర్చిపోలేదు, చూశారా.

అదే రాత్రి భోజనాల దగ్గర, మా మేళంలో తాళాలు కొట్టే పిల్లాడు ఎంగిలి చేత్తోనే లేచొచ్చాడు. 'సార్, పాట తప్పిపోయారు గదా, మళ్లీ ఎట్లా దొరికింది?' చెప్పబోతే నాకు మాట రాలేదు. వారం రోజులు ఇంట్లో కూర్చుని ఆ నాలుగు ఆవర్తాలూ తవ్వుకున్నా. అప్పటిదాకా వేళ్లకు తెలుసు గానీ నాకు తెలీదు. వాడికి చెప్పడం కోసమే నేర్చుకున్నా.

అమ్మలూ, నాన్నలూ, పదో తరగతి రాగానే ముందు సంగీతం మాన్పిస్తారు. దండం పెడతా, వారానికి ఒక్క గంటన్నా పంపండి. సాక్సోఫోన్ మీద కర్ణాటక సంగీతం వాయించిన కద్రి గోపాల్‌నాథ్ గారి గురించి కూడా చెప్పాలని వచ్చాను గానీ, చీటీ పంపించారు, టైమైందట.

నాకిచ్చిన టైమైపోతే పోనీ, మా అమ్మాయికి ఐదు నిమిషాలివ్వండి. రామ్మా. సాక్సోఫోన్ ఒళ్లంతా ఇత్తడే అయినా పలికేది ఆ చిన్న రెల్లు ముక్కే, ఏసీ గాలికి ఎండిపోయుంటుంది. నోట్లో పెట్టుకుని బాగా తడుపు. తొందరేం లేదు, వీళ్లు ఆగుతారు.