రంగు పలచన చేసే ముందు సీసా చూడండి: ఫోన్-ఇన్ కార్యక్రమం

వ్యాఖ్యాత: శ్రోతలందరికీ నమస్కారం. విజయనగరం నుంచి ప్రసారమవుతున్న ఈ కార్యక్రమంలో ఈరోజు ప్లాస్టిక్ స్కేల్ మోడళ్లకు, అంటే అసలు వాహనాల చిన్న నమూనాలకు, గాలితో రంగు చిమ్మే ఎయిర్‌బ్రష్‌తో వేసే ఆక్రిలిక్ రంగులను పలచన చేసే పద్ధతి గురించి తెలుసుకుందాం. చాలాకాలంగా మోడళ్లు తయారుచేస్తున్న మాస్టారు మీ సందేహాలకు సమాధానమిస్తారు. మొదటి ఫోన్ బొబ్బిలి నుంచి వచ్చింది.

బొబ్బిలి శ్రోత: నమస్కారం మాస్టారూ. విశాఖ బీచ్ రోడ్డులో కుర్సురా జలాంతర్గామిని చూసి వచ్చిన తర్వాత మా అబ్బాయీ నేనూ అలాంటి మోడల్ ఒకటి మొదలుపెట్టాం. వల్లేజో కంపెనీ మోడల్ కలర్ నలుపు రంగులో మందుల దుకాణంలో కొన్న ఐసోప్రొపైల్ ఆల్కహాల్ కలిపితే రంగు వెంటనే విరిగిపోయి, కప్పు అడుగున సాగే ముద్దగా మారింది. అదే ఆల్కహాల్ టామియా కంపెనీ రంగులో చక్కగా కలిసింది. నా దగ్గరున్న సీసా పాతదేమోనండీ?

మాస్టారు: సీసాలో లోపం లేదండీ. రెండింటి మీదా ఆక్రిలిక్ అనే రాసి ఉంటుంది కాబట్టి రెండూ ఒకటే అనుకుంటాం, కానీ వాటి స్వభావాలు వేరు. వల్లేజో వంటి నీటి ఆధారిత రంగుల్లో, ఆరాక పొరగా మారే రెజిన్ అతి సూక్ష్మమైన రేణువులుగా నీటిలో తేలుతూ ఉంటుంది; ఆల్కహాల్ తగలగానే ఆ రేణువులు ఒకదానికొకటి అతుక్కుని ముద్దకడతాయి. టామియా ఆక్రిలిక్‌లోనూ, మిస్టర్ హాబీ వారి ఆక్వియస్ రంగుల్లోనూ ఆల్కహాల్‌తో పొసగే ద్రావకాలే ఉంటాయి కాబట్టి వాటికి ఐసోప్రొపైల్ సరిపోతుంది, టామియా వారి ఎక్స్-20ఎ థిన్నర్, అంటే రంగును పలచన చేసే ద్రవం అయితే ఇంకా నిశ్చింత. మీ వల్లేజోకు ఆ కంపెనీ ఎయిర్‌బ్రష్ థిన్నరే వాడండి. అత్యవసరమైతే డిస్టిల్డ్ వాటర్ పనికొస్తుంది, కానీ నీరు మరీ ఎక్కువైతే రంగు ప్లాస్టిక్‌ను పట్టుకోక బొట్లు బొట్లుగా విడిపోతుంది. హార్డ్‌వేర్ దుకాణంలో తలుపుల రంగులకు అమ్మే థిన్నర్ జోలికి మాత్రం వెళ్లకండి, అది మోడల్ తయారైన పాలీస్టైరిన్ ప్లాస్టిక్‌నే కరిగించవచ్చు.

బొబ్బిలి శ్రోత: మరి ఎంత పాళ్లలో కలపాలండీ?

మాస్టారు: టామియాకు సగం రంగు, సగం థిన్నర్‌తో మొదలుపెట్టవచ్చు. అయితే ఒకే కంపెనీలో కూడా తెలుపు ఒక తీరుగా, నలుపు ఒక తీరుగా ఉంటాయి కాబట్టి లెక్క కన్నా కంటిని నమ్మడం మేలు. పాలంత చిక్కగా ఉండాలని అందరూ చెబుతారు. గేదె పాలా, ప్యాకెట్ పాలా అని మాత్రం ఎవరూ చెప్పరు. అందుకే విడిగా ఒక చిన్న కప్పులో కలిపి, పుల్లతో రంగును కప్పు గోడ మీదికి తీయండి. అది ఆగకుండా కిందికి జారుతూ, వెనక పలుచటి పొరను మిగల్చాలి. కదలకుండా నిలిచిపోతే చిక్కన, ఏమీ మిగలకపోతే మరీ పలచన. ఎయిర్‌బ్రష్‌లో రంగు బయటికి వచ్చే నాజిల్ 0.3 మిల్లీమీటర్లదైతే 15 నుంచి 20 పీఎస్ఐ గాలి ఒత్తిడి పెట్టి, ముందుగా ప్లాస్టిక్ చెంచా మీద కొట్టి చూడండి. రంగు సాలీడు కాళ్లలా పక్కలకు పాకితే మరీ పలచనైందనో, ఒత్తిడి ఎక్కువైందనో అర్థం. గరుకుగా, పొడిపొడిగా పడితే దారిలోనే ఆరిపోతోందని అర్థం. అన్నట్టు, అంత చిన్న మోడల్ మీద అచ్చమైన నలుపు వేస్తే గీతలూ అతుకులూ కనిపించవు, కాస్త బూడిద రంగు కలపండి.

వ్యాఖ్యాత: తర్వాతి ఫోన్ కళింగపట్నం నుంచి.

కళింగపట్నం శ్రోత: మాస్టారు గారూ, రంగు సరిగ్గానే కలుపుతున్నాను, కానీ మధ్యమధ్యలో నీటి బొట్లు చిమ్మి వేసిన పొర పాడవుతోంది.

మాస్టారు: సముద్రపు ఒడ్డున ఉన్నారు కదమ్మా, అది రంగు తప్పు కాదు, గాలిలోని తేమ. ఎయిర్‌బ్రష్‌కు గాలినిచ్చే కంప్రెసర్‌లో వేడెక్కిన గాలి గొట్టంలో చల్లబడేటప్పుడు ఆ తేమ నీరవుతుంది. తేమను పట్టే ట్రాప్ కంప్రెసర్‌కు ఆనుకుని ఉంటే గాలి ఇంకా వేడిగానే దాటిపోతుంది కాబట్టి, ఎయిర్‌బ్రష్ పిడి కింద చిన్న ట్రాప్ మరొకటి బిగించండి. ట్యాంకు ఉంటే పని కాగానే అడుగున ఉన్న మర తిప్పి నీళ్లు వదలండి.

వ్యాఖ్యాత: పలాస నుంచి చివరి ఫోన్.

పలాస శ్రోత: ఎయిర్‌బ్రష్ సూది కొనమీద రంగు ఎండి, పదే పదే ఆగిపోతోందండీ. మిగిలిపోయిన రంగును తిరిగి సీసాలో పోయవచ్చా?

మాస్టారు: నీటి ఆధారిత రంగుకు అది మామూలే. రంగు త్వరగా ఆరకుండా చేసే రిటార్డర్‌ను కప్పులో ఒకటి రెండు చుక్కలు వేయండి. అంతకు మించితే పొర చాలాసేపు జిగటగానే ఉంటుంది. ఫ్యాన్ గాలి నేరుగా తగలనివ్వకండి. అప్పుడప్పుడూ థిన్నర్‌లో తడిపిన దూదిపుల్లతో సూది కొనను తుడవండి. మిగిలిన రంగును అసలు సీసాలో మాత్రం పోయకండి. వేరే డ్రాపర్ సీసాలో పోసి, ఏ థిన్నర్ కలిపారో, ఏ రోజు కలిపారో మీద చీటీ అంటించండి. నీళ్లు కలిపినదైతే త్వరగా వాడేయండి, నిల్వ ఉంటే వాసన పట్టవచ్చు.