అదోనీయా, అదోనాయా? 110వ కీర్తనలో ఒక్క గుణింతం గొడవ

నమస్కారం, వందనాలు. ఈ వీడియో కొంచెం చిరాకుతోనే మొదలుపెడుతున్నాను, ఏమీ అనుకోకండి. గుడ్ ఫ్రైడే, క్రిస్మస్ దగ్గర పడ్డాయంటే చాలు నా ఫోన్‌కి రెండు రకాల ఫార్వర్డులు వస్తాయి. ఒకటేమో, 110వ కీర్తన ఒకటో వచనం (దేవుడు ఒక రాజుతో 'నా కుడి పక్కన కూర్చో' అనేది) పట్టుకుని, "ప్రభువు నా ప్రభువుతో చెప్పెను అని ఉంది కదా, రెండు చోట్లా ఒకటే మాట, కాబట్టి పాత నిబంధనలోనే మెస్సీయ దేవుడని తేలిపోయింది" అంటుంది. (మెస్సీయ అంటే యూదులు ఎదురుచూసే, దావీదు వంశపు రాజు; క్రైస్తవులకి యేసే ఆయన.) రెండోది దానికి సమాధానం: "హీబ్రూలో ఆ రెండో మాట అదోనీ, అది మనుషులకే వాడతారు, కథ కంచికి." రెండూ తప్పే. పైగా ఇద్దరూ అసలు విషయం వదిలేసి ఒక్క గుణింతం పట్టుకుని కొట్టుకుంటున్నారు.

అదోనీ అంటే కర్నూలు జిల్లా ఆదోని కాదండోయ్, ముందే చెప్తున్నా, పోయినసారి ఒకాయన అడిగాడు.

సరే, బోర్డు చూడండి. ఇలా రాస్తున్నాను: "మవడ వచ్చడ". చదవండి. మీ ఇంటి తలుపుకి ఎవరో ఈ చీటీ అంటించి వెళ్ళారనుకోండి, గుణింతాలు లేవు, ఉత్త హల్లులే. "వచ్చాడు" వరకు ఎవరికైనా తెలుస్తుంది. కానీ మావాడు వచ్చాడా, మీవాడు వచ్చాడా? ఒక్క గుణింతం తేడా, మనిషే మారిపోయాడు. పాత హీబ్రూ రాత అచ్చం ఇంతే. మృత సముద్రం దగ్గర 1947 నుంచి గుహల్లో దొరికిన పాత రాతప్రతుల చుట్టలు చూస్తే అక్షరాల కింద చుక్కలు, గీతలు ఏవీ ఉండవు.

ఇప్పుడు కీర్తనకి రండి. మొదటి "ప్రభువు" హీబ్రూలో ప్రభువే కాదు, అది దేవుడి పేరు, మనం యెహోవా అనే ఆ నాలుగక్షరాలు. రెండోది ఆలెఫ్, దాలెత్, నూన్, యోద్. ఈ నాలుగు హల్లుల్నే "అదోనీ" అని చదివితే "నా ప్రభువు, నా దొర". "అదోనాయ్" అని చదివితే దేవుడు. మవడ. గ్రీకులోకి వచ్చేసరికి రెండూ "కూరియోస్" అయిపోయాయి, గ్రీకు సువార్తలోంచి మన మత్తయి 22లోకి వచ్చేసరికి రెండూ "ప్రభువు" అయిపోయాయి. మొదటి ఫార్వర్డ్ పుట్టింది ఇక్కడే. అనువాదంలో కలిసిపోయిన రెండు మాటల మీద సిద్ధాంతం కట్టేశారు.

(చిన్న విషయం, చెప్పకుండా ఉండలేను. యూదులు ఆ నాలుగక్షరాల పేరు పలకరు, అక్కడ అదోనాయ్ అంటారు. అది గుర్తుండడానికి లేఖకులు ఆ పేరు హల్లులకి అదోనాయ్ గుణింతాలు తగిలించారు. తర్వాత యూరప్ వాళ్ళు రెండూ కలిపి చదివేశారు. మనం ఆదివారం ఆదివారం పాడే "యెహోవా" అలా వచ్చిందే.)

మరి మావాడా మీవాడా అని చెప్పేదెవరు? ఇంట్లో నాయనమ్మ. ఆవిడకి చీటీ చూడక్కర్లేదు, చిన్నప్పటి నుంచి విన్న మాట నోట్లో ఉంటుంది. యూదుల్లో ఆ నాయనమ్మ నోటి చదువుని గుర్తుల్లో పెట్టినవాళ్ళు మాసోరెట్లు, సుమారు 7 నుంచి 10వ శతాబ్దం దాకా, ముఖ్యంగా తిబెరియ అనే ఊళ్ళో. ఆ గుర్తులతో ఉన్న పూర్తి హీబ్రూ బైబిల్ ప్రతుల్లో పేరున్నది 1008 నాటి లెనిన్‌గ్రాడ్ ప్రతి. అందులో ఒకటో వచనం అదోనీ.

"అదిగో, క్రైస్తవుల మీద కోపంతో మార్చేశారు!" అంటారు కొందరు. అబ్బా, ఈ మాట వింటేనే నాకు తలనొప్పి. యేసు పుట్టక ముందే యూదులు కీర్తనల్ని గ్రీకులోకి తెచ్చుకున్నారు, అందులో ఇక్కడ "నా ప్రభువుతో" అనే ఉంది. దేవుణ్ణి ఉద్దేశించిన అదోనాయ్ అయితే మామూలుగా ఆ "నా" పెట్టరు. అంటే నాయనమ్మ అప్పటికే అదోనీ అనే చదువుతోంది.

ఇక రెండో ఫార్వర్డ్ వాళ్ళు చప్పట్లు కొట్టకండి, ఆగండి. అదోనీ మనుషులకే అన్నారు కదా. శారా అబ్రాహాముని అలా అంది, దావీదు సౌలుని అలా పిలిచాడు, నిజమే. కానీ యెహోషువ 5వ అధ్యాయంలో కత్తి దూసి నిలబడ్డ యెహోవా సేనాధిపతిని కూడా యెహోషువ అదోనీ అనే అంటాడు, సాష్టాంగపడి మరీ, అప్పుడు చెప్పులు విప్పమంటారు. అంటే ఆ మాట వల్ల ఎదుటివాడు ఎవరో తేలదు, పిలిచేవాడు తనకంటే పెద్దవాడని ఒప్పుకుంటున్నాడు, అంతే. మన "స్వామీ" లాంటిది, గుళ్ళో దేవుడికీ అంటాం, మాల వేసుకున్న పక్కింటి కుర్రాడికీ అంటాం.

ఇంకా తమాషా ఏంటంటే, అదే కీర్తన ఐదో వచనంలో అవే నాలుగు హల్లులు మళ్ళీ వస్తాయి, అక్కడ నాయనమ్మ అదోనాయ్ అని చదివింది! ఏడే వచనాల పాటలో ఒకసారి మావాడు, ఒకసారి మీవాడు. మొదట్లో రాజు దేవుడి కుడి పక్కన కూర్చుంటాడు, ఐదుకొచ్చేసరికి "ప్రభువు నీ కుడి పక్కన" అని ఉంది. కూర్చున్నది ఎవరు, పక్కనున్నది ఎవరు? పాతకాలం నుంచీ క్రైస్తవ వ్యాఖ్యాతలు కొందరు ఇక్కడే వేలు పెట్టి ఆగిపోయారు. యూదు వ్యాఖ్యాతలకైతే రాజుకి యుద్ధంలో తోడున్న దేవుడు, సమస్యే లేదు.

ఇప్పుడు నాకు అన్నిటికంటే ఇష్టమైన ప్రశ్న. చీటీ రాసిందెవరు? పక్కింటాయన రాసిన "మావాడు" వేరు, మీ అమ్మ రాసిన "మావాడు" వేరు. కీర్తన పైన "లె దావీద్" అని ఉంది. ఆ "లె" దావీదు రాసినది కావచ్చు, దావీదు గురించి కావచ్చు, దావీదు కోసం కావచ్చు. ఆస్థాన గాయకుడు పాడాడంటే "నా దొర" అంటే దావీదే, చిక్కు లేదు. దావీదు కిమ్హి వంటి యూదు పండితులు అది దావీదు గురించే అన్నారు, 11వ శతాబ్దపు రాషీ అబ్రాహాముకి అన్వయించాడు. కానీ మార్కు 12లో యేసు వాదన మొత్తం దావీదే స్వయంగా మాట్లాడుతున్నాడన్న దాని మీద నిలబడింది. మెస్సీయ దావీదు కొడుకైతే, దావీదు అతన్ని ప్రభువని ఎలా అంటాడు? మన ఊళ్ళో తాత ఇంకా పుట్టని మనవణ్ణి "అయ్యగారూ" అని పిలిచాడనుకోండి, ఊరంతా ఆగి చూస్తుంది కదా. చూశారా, ఈ వాదనకి అదోనాయ్ అక్కర్లేదు, అదోనీతోనే పని జరిగిపోయింది! క్రైస్తవ విశ్వాసాన్ని కాపాడాలని గుణింతం మార్చబోయేవాళ్ళు యేసు వేసిన ప్రశ్ననే పాడుచేస్తున్నారని నా అభిప్రాయం.

మరి దేవత్వం ఎక్కడి నుంచి వచ్చింది? కూర్చున్న చోటు నుంచి. కుడి పక్కన కూర్చోవడం ఒక్కటే చాలదు, సొలొమోను తన తల్లి బత్షెబని కూడా కుడి పక్కనే కూర్చోబెట్టాడు. అయితే విచారణలో, మార్కు 14లో, యేసు ఈ కుడి పక్క కుర్చీని దానియేలు 7లో మేఘాల మీద వచ్చే మనుష్యకుమారుడితో కలిపేశాడు. హీబ్రూ లేఖనాల్లో మేఘాల మీద స్వారీ చేసేది యెహోవా. ప్రధానయాజకుడు దైవదూషణ అంటూ బట్టలు చింపుకున్నది అది విన్నాకే. ఆ రెండు చోట్లనీ కలిపి చదవడమే క్రైస్తవుల అసలు వాదన.

అయ్యో, టైం అయిపోతోంది, మిగతావి గబగబా. యెషయా 9లో "బలవంతుడైన దేవుడు" అన్న పేరు: పదో అధ్యాయంలో అదే మాట దేవుడికే వాడారు కాబట్టి క్రైస్తవుల చేతిలో గట్టిదే, కానీ హీబ్రూలో పేర్లు దేవుడి గురించి చెప్పే వాక్యాల్లా ఉంటాయి, హిజ్కియా అన్న రాజు పేరు చూడండి, 'యెహోవా బలపరుస్తాడు' అని దానర్థం, అంతమాత్రాన ఆ రాజు దేవుడు కాడు కదా, అందుకే యూదులు ఒప్పుకోరు. యిర్మీయా 23లో "యెహోవా మనకు నీతి" అని రాజుకి పేరు, దీన్ని దయచేసి ఒంటరిగా వాడకండి, 33లో అదే పేరు యెరూషలేము పట్టణానికి పెట్టారు. 45వ కీర్తనలో "దేవా, నీ సింహాసనము" అన్నది రాజుగారి పెళ్లి పాట, కొత్త నిబంధనలోని హెబ్రీ పత్రిక దాన్ని కుమారుడికి, అంటే యేసుకి, అన్వయించింది. దానియేలు 7లో సింహాసనాలు బహువచనం, ఒకటి దేవుడికి, ఒకటి దావీదుకి అన్నాడు రబ్బీ (యూదు మతగురువు) అకీబా, వెంటనే ఇంకో రబ్బీ మండిపడ్డాడు, యూదు గురువుల చర్చల గ్రంథం తల్ముదులోనే ఉంది. అంటే కుర్చీల గొడవ యూదుల ఇంట్లో కూడా జరిగింది.

ఇదే కీర్తన నాలుగో వచనంలో పేరొచ్చే యాజకుడు మెల్కీసెదెకుకి వేరే వీడియో చేస్తాను, మృత సముద్రం పక్కన కుమ్రాను 11వ గుహలో దొరికిన చుట్టలో ఆయన్ని ఏకంగా ఎలోహీం (దేవుడు అనే హీబ్రూ మాట) అన్నారు, అది రెండు నిమిషాల్లో అయ్యేది కాదు. అందాకా కామెంట్లలో "ఎలోహీం బహువచనం కదా బ్రదర్" అని మాత్రం రాయకండి, దానికి విడిగా తిట్లున్నాయి.