తాళంచెవి ఎవరి దగ్గర?

ఇంజనీర్లకూ, మెప్మా (పట్టణ పేదరిక నిర్మూలన మిషన్) సిబ్బందికీ, ఇల్లు లేనివాళ్ల షెల్టర్లు నడిపే సంస్థలవాళ్లకూ నమస్కారం.

లక్ష జనాభాకు ఒక షెల్టర్, మనిషికి కనీసం 50 చదరపు అడుగులు: 2013 నాటి పట్టణ జీవనోపాధుల మిషన్ లెక్క మీకు తెలిసిందే. 50 మందికి 2,500 అడుగులు. వంటగది, మరుగుదొడ్లు అందులోనే ఇరికిస్తే పడక దగ్గర మిగిలేది చాప వెడల్పే. అయితే వరంగల్ స్టేషన్ ముందు పడుకునే మనిషి షెల్టర్‌కు రాకపోవడానికి జాగా కన్నా పెద్ద కారణం సామాను.

సంచి తలకింద పెట్టుకుంటే నిద్ర పట్టదు, వదిలేసి పనికి పోలేడు. కాబట్టి ప్లాన్‌లో ముందు లాకర్ గీయండి. మంచం కింద అడుగున్నర వెడల్పు, రెండడుగుల లోతున్న ఇనుప పెట్టె, గాలాడే చీలికలు, లోపలే ఫోన్ ఛార్జింగ్. పెట్టెకు ఎర్తింగ్ తప్పనిసరి. తాళం, చెవి అతని దగ్గరే ఉండాలి. వార్డెన్ నడుముకు గుత్తి వేలాడితే లాకర్ ఉన్నా లేనట్టే. తోపుడు బండికీ చోటు కావాలి: గేటు లోపల చిన్న షెడ్డు, నేలలో గొలుసు వేసే కొక్కెం. అది లేకుంటే మనిషి బండి పక్కన రోడ్డు మీదే పడుకుంటాడు.

మంచాల తల గోడవైపు పెట్టి, నడుమ నాలుగడుగుల అడ్డుగోడ కట్టండి. కూర్చుంటే చాటు, నిలబడితే తలుపు కనబడుతుంది. రాత్రుళ్లు దెబ్బలు తిన్నవాడికి తలుపు కనబడకుంటే కన్ను మూతపడదు. ఒకే స్విచ్‌తో హాలంతా వెలిగే ట్యూబ్‌లైట్లు వద్దు, మంచానికో చిన్న బల్బు చాలు. చెక్క మంచాల సందుల్లో నల్లులు చేరతాయి, ఇనుపవే కొనండి. గోడ పగుళ్లు పూడ్చకుండా మందు కొడితే పదిరోజుల్లో మళ్లీ మొదలు.

రాత్రి తొమ్మిదికి గేటు మూసే పద్ధతి నాకు అస్సలు నచ్చదు. మిర్చి సీజన్‌లో ఎనుమాముల మార్కెట్ హమాలీ ఏ వేళకు తిరిగొస్తాడో ఎవరు చెప్పగలరు?

గేటు పక్కన పదడుగుల కాగితాల గది ఉండాలి. గుర్తింపు పొందిన షెల్టర్ నిర్వాహకుడు నిర్ణీత నమూనాలో ఇచ్చే ధ్రువపత్రం ఆధార్‌కు పనికొస్తుంది. ముందు ఆధార్, తర్వాత బ్యాంకు ఖాతా, ఆపైన పింఛను. వరస తప్పితే దరఖాస్తు తిరిగొస్తుంది. ఏటీఎం కార్డు పోస్టులో వచ్చేసరికి మనిషి కూలికి పోయుంటాడు, కవరు వెనక్కి పోతుంది. గోడకు పేర్లు రాసిన చెక్క గూళ్లు బిగించి, పోస్టుమన్ దగ్గర సంతకం పెట్టి తీసుకునే బాధ్యత ఒకరికి అప్పగించండి. మనిషి వెళ్లిపోయాక కూడా ఏడాది దాకా ఆ గూడు తీసేయొద్దు.

హాలు నుంచి నేరుగా అద్దెగదికి పంపితే చాలామంది తిరిగొస్తారు. వంట, కరెంటు బిల్లు, ఒంటరితనం ఒకేసారి మీద పడతాయి. అందుకే షెల్టర్‌లోనే పొయ్యి, విడి మీటరు ఉన్న రెండు గదులు కట్టి, కొద్దిపాటి అద్దె తీసుకుంటూ అలవాటు చేయాలి. బయట గది ఇచ్చే యజమానికి షెల్టర్‌లో ఎవరికి ఫోన్ చేయాలో నంబరు ఇవ్వండి. అద్దె ఒక నెల ఆగితే ఆ మనిషి సామాను యజమాని బయట పెట్టకముందు మీకు ఫోన్ రావాలి.